బండెక్కిన పాట

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ ఖాజాగూడ చౌరస్తాలో ఎర్రదీపం పడితే వందల బండ్లు ఒక్కసారిగా ఆగుతాయి. నానక్‌రామ్‌గూడ నుంచి వచ్చే ఆఫీసు బస్సులు, బయోడైవర్సిటీ జంక్షన్ వైపు తిరగాల్సిన క్యాబులు, వాటి మధ్య జానెడు సందు దొరికినా ముందుకు జరిగే బైకులు. ఆ రొదలో అక్కడక్కడా పాట వినిపిస్తుంది. పార్సిళ్లు మోసే కుర్రాడి హ్యాండిల్‌కు వేలాడే గుప్పెడంత స్పీకరు ఒకటి. పాత పల్సర్‌కు ముందు రెండువైపులా బిగించిన తళతళలాడే డబ్బాలు ఇంకొకటి. హెల్మెట్ లోపల ఎవరికీ వినపడకుండా మోగేవి ఎన్నో లెక్క తెలియదు.

ఈ దారిలో రోజుకు గంటన్నర, రెండు గంటలు బండి మీదే గడిపేవాళ్లు వేలల్లో ఉన్నారు. రాత్రి షిఫ్టు సెక్యూరిటీ గార్డు, గాజు మేడలను తుడిచే హౌస్‌కీపింగ్ అక్కను దింపి వెళ్లే ఆమె భర్త, టెస్టింగ్ ఉద్యోగంలో కొత్తగా చేరిన కాకినాడ అబ్బాయి, పదకొండింటికి చివరి ఆర్డరు ఇచ్చి అత్తాపూర్ వెళ్లాల్సిన డెలివరీ కుర్రాడు. కారులో వెళ్లేవాడికి పాటను కంపెనీయే అమర్చి ఇస్తుంది. బండివాడు తానే అమర్చుకోవాలి. చేతిలో ఉన్నది రెండు మూడు వేలు. ఆ డబ్బు వాళ్లకు తేలిగ్గా వచ్చినది కాదు, అందుకే అది ఎక్కడ పెడితే పాట వినిపిస్తుందో, ఎక్కడ పెడితే ఉత్త చప్పుడే మిగులుతుందో వివరంగా చెప్పుకోవాలి.

బండి మీద సౌండు కొనేటప్పుడు అందరూ అడిగేది వాట్లు. అడగాల్సింది దూరం. స్పీకరుకూ చెవికీ మధ్య ఎంత దూరం ఉందన్నదే ఖర్చునూ, బ్యాటరీనీ, పోలీసు చలానానూ, పదేళ్ల తర్వాత మన వినికిడినీ నిర్ణయిస్తుంది.

గాలితో పందెం

బండి ఆగి ఉన్నప్పుడు ఏ స్పీకరైనా బాగానే పాడుతుంది. దుకాణంలో విన్నదీ అలాంటప్పుడే. కదిలాక ఇంకో పాట మొదలవుతుంది, అది గాలి పాట. హెల్మెట్ అంచుల దగ్గర సుడులు తిరిగే గాలి చేసే మోత గంటకు 65 కిలోమీటర్ల వేగం దగ్గరే లోపల 90 డెసిబెల్ల చుట్టుపక్కల ఉంటుంది. హైవే వేగంలో వందకు చేరువవుతుంది. ఇంజను చప్పుడు దీని ముందు చిన్నది.

ఇప్పుడు హ్యాండిల్‌కు బిగించిన స్పీకరు సంగతి లెక్కేద్దాం. మామూలు చిన్న స్పీకరుకు ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో 85 డెసిబెల్లు వస్తాయనుకుందాం. పవర్ రెట్టింపు చేసిన ప్రతిసారీ 3 డెసిబెల్లే పెరుగుతాయి. రెండు వాట్లకు 88, నాలుగుకు 91, ఎనిమిదికి 94, పదహారుకు 97. హ్యాండిల్ నుంచి తలదాకా 70 సెంటీమీటర్లు అనుకుంటే ఇంకో 3 కలిసి 100. ఫుల్ ఫేస్ హెల్మెట్ అందులో 10 తగ్గిస్తుందనుకుంటే చెవికి చేరేది 90. అంటే 65 కిలోమీటర్ల వేగంలో పాటా గాలీ సరిసమానం. పదహారు నిఖార్సయిన వాట్లు ఖర్చు పెట్టి తెచ్చుకున్నది ఇంతే.

అదే స్పీకరు రోడ్డు పక్కన ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న ఇంటి కిటికీకి ఎంత వినిపిస్తుంది? దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్లు తగ్గుతాయి. మీటరు దగ్గర 97 ఉన్నది ఎనిమిది మీటర్ల దగ్గర 79 అవుతుంది. నివాస ప్రాంతాలకు పగటిపూట చట్టం పెట్టిన పరిమితి 55, రాత్రి 45. నడిపేవాడికి సరిగా వినపడని పాట, మేడమీద పసిపాపను నిద్రలేపేంత గట్టిగా వినిపిస్తోందన్నమాట. ఈ లెక్క ఒక్కటి తెలిస్తే హ్యాండిల్ స్పీకర్ల మీద పెట్టే ఖర్చు చాలామందికి సగానికి తగ్గుతుంది.

చెవికి రెండు సెంటీమీటర్ల దూరంలో, హెల్మెట్ లోపలి మెత్తకు అతికించిన నలభై మిల్లీమీటర్ల బిళ్ల స్పీకరుకు ఇదే 90 డెసిబెల్లు రావడానికి సుమారు వాటులో వందో వంతు చాలు. పదహారు వాట్లు చేసే పని అది ఇంత తక్కువలో చేస్తుంది. దూరం గురించి అంత పట్టుబట్టి చెప్పేది ఇందుకే.

బేస్ గురించి కూడా ఒక మాట. గాలి మోతలో ఎక్కువ భాగం కింది స్థాయి శబ్దమే. డప్పు, బేస్ గిటారు ఉండే చోటే అది ఉంటుంది కాబట్టి ముందుగా మింగేది వాటినే. గొంతు, వేణువు, వీణ ఉండే మధ్యస్థాయి మాత్రం గాలిని చీల్చుకుని వస్తుంది. ఘంటసాల, బాలు, జానకి పాటలు బండి మీద చక్కగా వినపడి, కొత్త మాస్ పాట చప్పగా అనిపించడానికి కారణం ఇదే. పైగా చిన్న డబ్బాలో, ఆరుబయట బేస్ నిలవదు. ‘ఎక్స్‌ట్రా బేస్’ అని రాసి ఉన్నందుకు ఐదొందలు ఎక్కువ ఇవ్వడం బండి విషయంలో అనవసరం.

కోఠీలో వెయ్యి వాట్లు

ఖాజాగూడ కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో చూసినా, చివరికి చేత్తో పట్టుకుని కొనాలనిపిస్తే వెళ్లేది కోఠీకే. రాయదుర్గం, షేక్‌పేట ఫ్లైఓవర్, మెహదీపట్నం, నాంపల్లి మీదుగా గుజరాతీ గల్లీ. ఆంప్లిఫయర్ బోర్డులు, ఊఫర్లు, ట్వీటర్లు, వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కుప్పపోసి అమ్మే ఆ ఇరుకు సందు హైదరాబాద్ ఎలక్ట్రానిక్స్ మెకానిక్కులందరికీ పుట్టిల్లు. బండి విడిభాగాలకు సికింద్రాబాద్ రాణిగంజ్ ఎలాగో, సౌండుకు ఇది అలాగ. రేడియోల కాలం, డెక్కుల కాలం దాటి వచ్చిన పెద్దవాళ్లు ఇంకా కౌంటర్ల వెనక ఉన్నారు. వాళ్లను అడిగితే నిజం చెబుతారు. చిక్కల్లా మనం సరైన ప్రశ్న అడగకపోవడంలోనే.

“అన్నా, బండికి మంచి సౌండున్నది చూపియ్యి.”

“ఏం బండి తమ్మీ?”

“స్ప్లెండర్.”

“గిది తీస్కపో. వెయ్యి వాట్లు.”

ఇలాంటి బేరం ఆ గల్లీలో ఏ రోజు నిలబడినా వినపడుతుంది. వెయ్యి వాట్లంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టె తినేంత కరెంటు. 12 వోల్టుల బండి బ్యాటరీ నుంచి అది రావాలంటే ఎనభై ఆంపియర్లకు పైగా కావాలి. స్ప్లెండర్ వైరింగు మొత్తం కాలి బూడిదవుతుంది. మరి డబ్బా మీద ఎలా రాశారు? ఆ అంకె పక్కన పీఎంపీఓ అని సన్నటి అక్షరాలుంటాయి. క్షణంలో వెయ్యో వంతు పాటు వచ్చే శిఖరాన్ని ఇష్టమొచ్చినట్టు లెక్కగట్టి వేసిన అంకె అది. దానికి ప్రమాణం ఏదీ లేదు. అడగాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే పవర్.

12 వోల్టుల బండిలో అసలు ఎంత సాధ్యమో చిన్న లెక్కతో తేలిపోతుంది. ఇంజను నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంటాయి. 4 ఓముల స్పీకరుకు, బ్రిడ్జి పద్ధతిలో కట్టిన ఆంప్లిఫయర్ నుంచి సిద్ధాంతం ప్రకారం రాగలిగింది 24 వాట్లు. నష్టాలు పోను 18, మహా అయితే 20. ఎడమా కుడీ కలిపి 40. వోల్టేజీ పెంచే ప్రత్యేక సర్క్యూట్ లేని ఏ బైక్ కిట్టయినా అలాంటి రెండు స్పీకర్లతో ఇంతకు మించి ఇవ్వలేదు, పెట్టె మీద ఏమి రాసి ఉన్నా సరే. జేబులో పట్టే జేబీఎల్ గో 3 మీద ఆ కంపెనీ రాసుకున్నది 4.2 వాట్లే. ఆ చిన్న అంకెను చూసి పక్కన పెట్టి, ‘1000’ అని రాసిన డబ్బా కొనుక్కునే కుర్రాడు మోసపోతున్నాడు.

సొంతంగా కట్టుకోవాలనే సరదా ఉన్నవాళ్లకు కోఠీ నిజంగా స్వర్గం. టీపీఏ 3116 చిప్పుతో వచ్చే క్లాస్ డి బోర్డు మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. బ్యాటరీ నుంచి తీసుకున్న కరెంటులో పాత రకం ఆంప్లిఫయర్లు సగం దాకా వేడిగా పోగొడితే, క్లాస్ డి అయిదింట నాలుగు వంతులకు పైగా స్పీకరుకు అందిస్తుంది. బండికి ఇదే సరైన జాతి. పీఏఎం 8403 అనే చిన్న బోర్డు ఇంకా చవక, నూరు రూపాయల లోపే. కానీ అది 5 వోల్టులది. తెలియక నేరుగా బండి బ్యాటరీకి కలిపితే ఆ క్షణమే పోతుంది. రెండు నాలుగంగుళాల స్పీకర్లు, ప్లాస్టిక్ డబ్బా, ఫ్యూజు, వైరు అన్నీ కలిపి రెండు వేలలో పని అయిపోతుంది. స్పీకరు ఎంచుకునేటప్పుడు దాని సెన్సిటివిటీ అడగండి. 85 ఉన్నదానికి బదులు 88 ఉన్నది తీసుకుంటే ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం, బ్యాటరీకి పైసా భారం లేదు. రెండు 4 ఓముల స్పీకర్లను ఒకే చానెల్‌కు పక్కపక్కన కలిపితే 2 ఓములవుతుంది, చాలా బోర్డులు తట్టుకోలేవు. ఆ సంగతి కూడా కౌంటర్ దగ్గరే తేల్చుకోవాలి.

క్రోము పూత పూసిన జంట స్పీకర్లు, రిమోటు, ఎఫ్‌ఎం, మెమరీ కార్డు పెట్టే చోటు, దొంగ ముట్టుకుంటే అరిచే అలారం, ఇవన్నీ ఒకే పెట్టెలో ఇచ్చే కిట్లు పదిహేను వందల నుంచి మూడు వేల దాకా ఉన్నాయి. వీటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. డబ్బు ఎక్కువగా పూతకూ రిమోటుకూ పోతుంది, స్పీకరుకు మిగిలేది తక్కువ.

మూడు ఆంపియర్ల గుండె

బండి సౌండులో అందరూ మరిచిపోయేది బ్యాటరీ. స్ప్లెండర్ లాంటి వంద సీసీ బండ్లలో ఉండేది 12 వోల్టుల 3 ఆంపియర్-అవర్ బ్యాటరీ. మొత్తం నిల్వ 36 వాట్-అవర్లు. ఇంజను ఆపి, టీ కొట్టు దగ్గర స్నేహితులతో నిలబడి 20 వాట్లు లాగే సిస్టమ్ వాయిస్తే గంట లోపే సగం ఖాళీ. లెడ్ యాసిడ్ బ్యాటరీని తరచూ సగం కిందికి దించితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. పైగా ఇప్పటి కొత్త బండ్లలో చాలావాటికి కిక్కు లేదు. రాత్రి పదింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ సర్వీసు రోడ్డు మీద సెల్ఫ్ తిరగకపోతే తోసుకుంటూ పోవడమే. బుల్లెట్‌లో ఉండే 8 ఆంపియర్-అవర్ బ్యాటరీ కొంత ఓర్చుకుంటుంది.

ఇంజను నడుస్తున్నా నిశ్చింత లేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నిబంధన వచ్చింది. మాగ్నెటో పుట్టించే కరెంటులో ఆ భాగం పగలు కూడా దీపానికే పోతోంది. సిగ్నల్ దగ్గర ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు ఉత్పత్తి ఇంకా పడిపోతుంది. ఖాజాగూడ నుంచి గచ్చిబౌలి దాకా సాయంత్రం ప్రయాణమంటే సగం ఐడిలింగే కదా. వంద సీసీ బండికి బ్యాటరీ మీద ఆధారపడే సిస్టమ్ పెట్టాలనుకుంటే నిజమైన 10 వాట్లు దాటకపోవడం మంచిది. సొంత బ్యాటరీతో నడిచే బ్లూటూత్ స్పీకరు అయితే ఈ బాధే లేదు, ఇంట్లో చార్జి చేసుకుని బయలుదేరవచ్చు.

తీగలు కలిపే పని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. హెడ్‌లైటు వైరు తోలు గీకి, దానికి ఇంకో వైరు చుట్టి, పైన టేపు వేసి పంపించే మెకానిక్కులు ప్రతి కాలనీలో ఉన్నారు. ఆ టేపు ఎండకు జిగురు వదిలేస్తుంది, వానకు తడుస్తుంది, రాగి తీగ బండి ఇనుముకు తగులుతుంది. పైన పెట్రోలు ట్యాంకు. బ్యాటరీ పాజిటివ్ నుంచి నేరుగా వేరే లైను లాగించండి. బ్యాటరీకి జానెడు దూరంలోపే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టించండి. తాళం తీస్తే సౌండు కూడా ఆగేలా రిలే పెట్టించండి. ఫ్యూజు, రిలే కలిపి రెండు వందలు కావు. వారంటీలో ఉన్న బండి అయితే కంపెనీ వైరింగును కోసిన రోజే ఎలక్ట్రికల్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. యాక్సిలరేటర్ పెంచుతుంటే స్పీకర్లో ‘కూయ్’ మని సన్నటి ఈల పెరుగుతుంటే ఎర్తు సరిగా లేదని గుర్తు. ఆంప్లిఫయర్ ఎర్తును చాసిస్ బోల్టుకు కాకుండా బ్యాటరీ నెగటివ్‌కే కలిపితే చాలాసార్లు పోతుంది.

దుమ్మూ వానా కూడా మన ఊరి లెక్కలో చేరాలి. డబ్బా మీద ఐపీఎక్స్4 అంటే చిందే చుక్కలకు ఫర్వాలేదని, ఐపీఎక్స్5 అంటే నీటి ధారకు తట్టుకుంటుందని. ఎక్స్ ఉన్నచోట దుమ్ము పరీక్ష ఊసే లేదు. నానక్‌రామ్‌గూడ చుట్టూ ఏడాది పొడుగునా కొత్త టవర్లు లేస్తున్నాయి, ఆ సిమెంటు దుమ్ములోంచే రోజూ పోవాలి. అందుకని ఐపీ67 ఉన్నది చూడండి. దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా పోదు.

అదురును కూడా తక్కువ అంచనా వేయకూడదు. పాటకోసమో దారికోసమో ఫోనును నేరుగా హ్యాండిల్‌కు బిగించేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఎక్కువ సామర్థ్యపు మోటార్‌సైకిళ్ల అదురు తమ ఫోన్ల కెమెరాను పాడుచేయవచ్చని ఆపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో హెచ్చరించింది. కెమెరా వణుకును సరిచేసే సున్నితమైన భాగం ఆ అదురుకు దెబ్బతింటుంది. రబ్బరు డ్యాంపర్ ఉన్న మౌంటు కొంటే కొంత నయం, ఫోను జేబులో పెట్టుకుని దారి చెవితో వింటే ఇంకా నయం.

హెల్మెట్ లోపల

బండి మీదే స్పీకరు బాగా పనిచేసే చోటు లోకంలో లేకపోలేదు. హోండా గోల్డ్‌వింగ్ 1980ల మొదట్లోనే రేడియో, క్యాసెట్టుతో రోడ్డెక్కింది. అమెరికా హైవేల మీద ఇప్పటికీ దాని స్పీకర్లు వినిపిస్తాయి. దానికి మనిషి ఛాతీదాకా గాలి తగలనివ్వని అద్దం ఉంది, పెద్ద ఆల్టర్నేటర్ ఉంది, ఇప్పటి మోడల్‌కు 1,833 సీసీల ఆరు సిలిండర్ల ఇంజను ఉంది. మన దగ్గర ఓలా ఎస్1 ప్రో లాంటి విద్యుత్ స్కూటర్లలో కంపెనీయే స్పీకర్లు పెట్టి ఇస్తోంది. పెద్ద బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటుకు కొదవ లేదు, ఇంజను చప్పుడూ లేదు. అయినా గాలి గాలే. వేగం పెరిగితే అక్కడా పాట చెదిరిపోతుంది.

అందుకే రెండు మూడు వేలు చేతిలో ఉన్న ఖాజాగూడ బండివాడికి నా సలహా హెల్మెట్ బ్లూటూత్. సన్నటి రెండు బిళ్ల స్పీకర్లు, ఒక చిన్న మైకు, హెల్మెట్ పక్కన క్లిప్పుతో తగిలించే అగ్గిపెట్టెంత యూనిట్. చైనా బ్రాండ్లలో పాటా, ఫోనూ, దారి సూచనలూ చేసే మామూలు యూనిట్లు రెండు వేల నుంచి నాలుగు వేల మధ్య దొరుకుతాయి. మన బెంగళూరు కంపెనీ బ్లూఆర్మర్ కూడా తయారు చేస్తోంది, ధర కొంచెం ఎక్కువ. సేనా, కార్డో లాంటి విదేశీ బ్రాండ్లు గుంపుగా లదాఖ్ వెళ్తూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లకు. ఆఫీసుకు పోయి వచ్చేవాడికి ఆ ఖర్చు వద్దు. ఏథర్ సంస్థ 2024 ఏప్రిల్‌లో హర్మన్ కార్డన్ స్పీకర్లతో హేలో అనే హెల్మెట్‌ను 14,999 రూపాయలకు, తన హాఫ్ ఫేస్ హెల్మెట్‌కు బిగించే హేలో బిట్‌ను 4,999కి ప్రకటించింది. పాటను చెవి దగ్గరికే తేవాలని బండ్ల కంపెనీయే గుర్తించడం నాకు సంతోషం కలిగించింది.

అన్నిటికన్నా ముందు హెల్మెట్. తల మీద వదులుగా ఊగే, రోడ్డు పక్కన మూడు వందలకు కొన్న టోపీలో నాలుగు వేల స్పీకరు పెట్టినా గాలి మోతే వినపడుతుంది. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడమే నేరం. ఐఎస్ 4151 అని వెనక ముద్ర చూసుకోండి. బుగ్గలకు ఒత్తుకుని, తల ఊపినప్పుడు తలతోపాటే కదిలే ఫుల్ ఫేస్ హెల్మెట్ పదిహేను వందల నుంచి రెండున్నర వేలలో వస్తుంది. మంచి హెల్మెట్ లేకపోతే చేతిలో ఉన్న డబ్బు ముందు దానికే పెట్టండి, సౌండు తర్వాత. గడ్డం కింద గాలి దూరకుండా చిన్న తెర ఉన్న మోడల్ దొరికితే ఇంకా మంచిది. గాలి మోత తగ్గిన మేరకు వాల్యూమ్ కూడా తగ్గించుకోవచ్చు.

స్పీకర్లకు చోటు కోసం లోపలి తెల్లటి థర్మోకోల్ పొరను కత్తితో చెక్కేవాళ్లున్నారు. ఆ పొర నలిగితేనే తల బతుకుతుంది. దాన్ని ముట్టుకోవద్దు. చెవి దగ్గర కంపెనీ ఇచ్చిన గుంట ఉన్న హెల్మెట్టే కొనండి.

ఇంకో మాట నా సొంత అభిప్రాయంగా చెబుతాను. నగరంలో ఒక్క చెవికే స్పీకరు చాలు, అది ఎడమ చెవికి. మనం రోడ్డుకు ఎడమవైపు నడుస్తాం. దాటేసి వచ్చే లారీ, క్యాబు, అంబులెన్సు వచ్చేది కుడివైపు నుంచి. ఆ చెవి ఖాళీగా ఉండాలి. డెలివరీ కుర్రాళ్లలో చాలామంది ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకుని తిరుగుతారు. ఆ అలవాటు సరైనదే. చెవి రంధ్రంలోకి బిరడాలా దిగే ఇయర్‌బడ్ కన్నా, మెత్త వెనక ఉండే బిళ్ల స్పీకరు మేలు. హారన్ లోపలికి వస్తుంది. జారి పడ్డా చెవిలో గుచ్చుకోదు.

ఎంత వాల్యూమ్ పెట్టుకోవాలో చెప్పే కొలత కూడా ఉంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్లయితే రోజుకు 8 గంటల దాకా ఫర్వాలేదు. ప్రతి 3 డెసిబెల్లకూ సమయం సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, 94కి ఒకటి, 100 దగ్గర పావుగంట. 90 డెసిబెల్ల గాలిని గెలవాలని 95 దగ్గర పాట పెట్టుకుంటే ముప్పావుగంటకే ఆ రోజు కోటా అయిపోతుంది. కొండాపూర్ నుంచి కోకాపేటకు పోయి రావడంలోనే అది ఖర్చవుతుంది. వినికిడి పోవడం నొప్పి పెట్టదు. ముందు పైస్థాయి శబ్దాలు పోతాయి, పక్షి కూత, చిన్నపిల్లల మాటల్లో ‘స’, ‘ష’. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ముప్పై అయిదో ఏట అది జరగకూడదని గట్టిగా కోరుకుంటున్నాను. వేగం 50 దాటితే వాల్యూమ్ పెంచడం కాదు, పాట ఆపడం అలవాటు చేసుకోవాలి. ఫ్లైఓవర్ దిగాక మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.

వీధి కూడా వింటోంది

చట్టం గురించి అపోహలు చాలా ఉన్నాయి. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం నడిపేటప్పుడు ఫోనును దారి చూసుకోవడానికి మాత్రమే వాడవచ్చు, అదీ ఏకాగ్రత చెడకుండా. చేత్తో పట్టుకుని మాట్లాడితే ప్రమాదకర డ్రైవింగ్ కింద కేసు. శబ్ద ప్రమాణాలు మీరి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం మొదటిసారికే పది వేల రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. చప్పుడు పెరిగేలా మార్చిన సైలెన్సర్ల మీద తరచూ వాడేది ఈ సెక్షనే. విశాఖలో పోలీసులు అలాంటి సైలెన్సర్లను గుట్టగా పోసి రోడ్డు రోలరుతో తొక్కించారు. హైదరాబాద్‌లో 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను పోలీసు కమిషనర్ నిషేధించారు. ఊరు చప్పుడుతో విసిగిపోయిందని వీటి అర్థం.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో నిశ్శబ్ద మండలం అనే మాట ఉంది. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్లను అలా ప్రకటించవచ్చు. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్లే. ఖాజాగూడలో ఓక్రిడ్జ్, ఢిల్లీ పబ్లిక్ స్కూలు ఉన్నాయి. నానక్‌రామ్‌గూడ వైపు కాంటినెంటల్, స్టార్ ఆస్పత్రులు, గచ్చిబౌలిలో ఏఐజీ. నాలుగైదు కిలోమీటర్ల ప్రయాణంలో ఇన్నిసార్లు నిశ్శబ్దం పాటించాల్సిన చోటు తగులుతుంది. ప్రతిచోటా బొటనవేలితో వాల్యూమ్ తగ్గించుకుంటూ పోయే బండివాడు ఎక్కడా ఉండడు. హ్యాండిల్ మీద స్పీకరుంటే అన్నిచోట్లా తప్పు చేసినట్టే.

ఖాజాగూడలో చప్పుడు తగ్గించాల్సిన చోటు ఇంకొకటి ఉంది, దాని గుట్ట. దర్గానూ, అనంతపద్మనాభస్వామి గుడినీ ఒడిలో పెట్టుకున్న ఆ గుట్ట రాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైట్. వాటిని కాపాడుకోవడానికి సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచి పనిచేస్తోంది. ఆదివారం తెల్లవారుజామున సూర్యోదయం చూడ్డానికి బైకుల మీద గుంపులుగా వస్తారు. గ్రానైట్ శబ్దాన్ని దాదాపు మింగదు, వెనక్కి విసురుతుంది. ఎదురుగా లేచిన గాజు టవర్లూ అంతే. గుట్ట మీద ఒక్క స్పీకరు మోగినా నాలుగువైపుల నుంచీ వినపడుతుంది. అక్కడికి వచ్చే పెద్దవాళ్లు, పక్షులను చూసేవాళ్లు, ప్రార్థనకు వచ్చేవాళ్లు ఆ గంట ప్రశాంతత కోసమే వస్తారు. బండి దిగగానే స్పీకరు ఆపేయమని అడగడం పెద్ద కోరిక కాదు.

ఇంతా చెప్పాక కూడా హ్యాండిల్ స్పీకరే కావాలనుకునేవాళ్లు ఉంటారు. హెల్మెట్‌లో స్పీకరు పెడితే చెమట పడుతుందనో, వెనక కూర్చున్న ఇల్లాలికీ వినపడాలనో. ఆ కోరిక అర్థమయ్యేదే. వాళ్లు 5 వాట్ల లోపు, ఐపీ67 ఉన్న, సొంత బ్యాటరీ గల చిన్న స్పీకరు తీసుకుని, నోరు తమ ఛాతీవైపు తిరిగేలా, వీలైనంత దగ్గరగా కట్టుకుంటే సరి. పదిహేను వందల్లో అయిపోతుంది. నలభై లోపు వేగంలో, సందుల్లో, సిగ్నళ్ల దగ్గర ఇద్దరికీ వినపడుతుంది, పక్కవాడికి తలనొప్పీ తగ్గుతుంది.

కొనడానికి వెళ్లేరోజు మీ హెల్మెట్ తీసుకెళ్లండి. దుకాణంలో చెవికి ఆనించి వినకుండా, హెల్మెట్‌లో తాత్కాలికంగా అతికించి, పెట్టుకుని వినండి. చెవి రంధ్రానికి సూటిగా స్పీకరు ఉందో లేదో చూడండి, ఒక్క సెంటీమీటరు పక్కకు జరిగినా సగం పాట పోతుంది. గొంతు ముందుకు వినిపించే పాత పాట ఒకటి, ఫోనులో ఎవరిదైనా మాట ఒకటి వినండి. వాల్యూమ్ మూడింట రెండు వంతులు పెట్టినప్పుడు గరగర వస్తే వేరేది అడగండి. చలికాలపు గ్లవ్జు వేసుకుని బటన్లు నొక్కి చూడండి. చార్జి ఎన్ని గంటలు నిలుస్తుందో, సీ టైపు పిన్నో కాదో, బిళ్ల స్పీకరు ఒక్కటే పోతే విడిగా అమ్ముతారో లేదో కనుక్కోండి. జీఎస్టీ బిల్లు అడిగి తీసుకుంటే వారంటీకి పనికొస్తుంది. మొదటి వారం ఎడమ స్పీకరు ఒక్కటే తగిలించుకుని తిరగండి. అదే చాలనిపిస్తే రెండోదాన్ని డబ్బాలోనే ఉంచండి, మొదటిది పోయినరోజు పనికొస్తుంది.